పరోక్షమున జరిగినదానికి సాక్ష్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ వేళ ప్రసంగమన్నచో పుస్తక మహిమయో, పురాణ ప్రశస్తియో వినవచ్చునని పెద్దలు ఎదురుచూచుట సహజము. నేటి విషయము వేరు. అది ఊళ్లలో గుసగుసగా చెప్పుకొనుటయే గాని సభలో పలుకబడనిది. బలాత్కారమునకు గురియైన స్త్రీకి, బాలికకు, ఒక్కొక్కప్పుడు బాలునకును, ఆ గడియ మొదలుకొని ఏ వైద్యము జరుగవలయునో, ఏ సాక్ష్యము భద్రపరుపబడవలయునో తెలుపుట ఈ ప్రసంగ ప్రయోజనము. ఇది తెలియకపోవుటచే కలుగు నష్టము కొన్ని గంటలలోనే కలుగును. పిమ్మట ఎన్ని సంవత్సరములు వగచినను పూడదు. కనుక అవసరము రాకమునుపే తెలిసియుండవలసిన విషయమిది.

భారతము చదివినవారికి విరాటపర్వ కథ తెలియనిది కాదు. సైరంధ్రి వేషమున సుదేష్ణ కొలువులోనున్న ద్రౌపదిని కీచకుడు పట్టబోయెను. ఆమె విడిపించుకొని రాజసభకు పరుగెత్తెను. అందరు చూచుచుండగనే వాడామెను తన్నెను. ఆమె న్యాయమడుగగా, వ్యాసభారతమున విరాటుడిచ్చిన సమాధానము విచారింపదగినది. మీ యిరువురి కలహము నా కన్నులకు కనబడనిచోట జరిగినది, నిజమెరుగక నేనేమి చెప్పగలనని యాతని భావము. కన్నులయెదుట జరిగిన తాపును విడిచి, కనబడనిదానిని సాకుగా చేసికొనెను. బలాత్కారములలో పెక్కు సాక్షులులేని చోటనే జరుగును. ఆనాటినుండి నేటివరకును సభలు, పంచాయతీలు, న్యాయస్థానములు సైతము, ఈ పరోక్షమను మాటచాటున దాగినవి. ఆ మాటకు ఈ కాలమున దొరకిన సమాధానమే వైద్యుడు వ్రాసియుంచు సాక్ష్యము. శరీరము, వస్త్రము, గోటిచివరి మట్టి, ఇవియన్నియు చూచినవియే. అయితే వీనిచే పలికించుటకు కాలమల్పము.

మొదట వైద్యమును గూర్చి చెప్పవలయును; ఏలయన సాక్ష్యముకంటె ప్రాణము ముందు. రక్తము స్రవించుచున్నను, గాయము పెద్దదైనను, స్పృహ తప్పినను, చికిత్స జరిగిన తరువాతనే తక్కిన పరీక్ష. పిమ్మట కాలముతో పందెము వేయవలసిన మందులు కలవు. అక్కరలేని గర్భమును నివారించు మాత్రను 72 గంటలలోపల మ్రింగుట మేలు. 120 గంటలవరకు కొంత ఫలమిచ్చును. ఎంత త్వరగా వేసికొన్న అంత మంచిది. హెచ్.ఐ.వి. సోకకుండ ఇచ్చు మందులను కూడ 72 గంటలలోపలనే మొదలిడవలయును. ఆ గడువు దాటిన ఫలము లేదు. మొదలిడినపిమ్మట 28 దినములు విడువక వాడవలయును. సుఖవ్యాధులకు మందు, హెపటైటిస్ బి అను కాలేయవ్యాధికి టీకా, గాయమున్నచో ధనుర్వాతమునకు సూదిమందు, ఇవియు కలవు. మూడు దినములు ఇంటిలో ఏడ్చి, నాలుగవనాడు పెద్దలను పిలిచి, అయిదవనాడు ఆసుపత్రికి పోయిన కుటుంబము, తానెరుగకయే ఈ మందులలో ముఖ్యమైనవానిని పోగొట్టుకొనును. కావున ఈ దినమున జ్ఞాపకముంచుకొనదగిన మాట యొక్కటే యైనచో, అది ఇది: మొదట ఆసుపత్రి, తక్కినవన్నియు తరువాత.

పోలీసుల కాగితము లేనిదే ఆసుపత్రివారు ముట్టుకొనరని ఊళ్లలో ఒక నమ్మకము కలదు. అది తప్పు. కేంద్ర ఆరోగ్యశాఖ 2014 మార్చిలో వెలువరించిన మార్గదర్శకములు, బాధితురాలు నేరుగా ఆసుపత్రికి వచ్చినను పరీక్షయు చికిత్సయు జరుపవలయునని స్పష్టముగా చెప్పుచున్నవి. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 397వ సెక్షను ప్రకారము ప్రభుత్వ వైద్యశాలయే గాక ప్రైవేటు వైద్యశాలయు తక్షణమే, రుసుము లేకుండ, చికిత్స చేయవలయును. చేయక త్రిప్పిపంపిన వైద్యశాల అధికారికి భారతీయ న్యాయ సంహిత 200వ సెక్షను క్రింద ఒక సంవత్సరము వరకు కారాగారమో, జరిమానాయో, రెండునో విధింపవచ్చును. వైద్యశాలవారు పోలీసులకు కబురుపంపుట వారి విధి. అయినను ఆమె ఫిర్యాదు చేయనొల్లకపోయినచో ఆ మాట వ్రాసికొని చికిత్స చేయవలసినదే. ఫిర్యాదు లేదను కారణమున మందు నిరాకరింపరాదు. ఫిర్యాదు చేయదలచినచో ఏ ఠాణాలోనైనను చేయవచ్చును. నేరము మా హద్దులో జరుగలేదని పంపివేయుట చెల్లదు.

ఇక పరీక్ష. ఇందులో మొదటి మెట్టు అంగీకారము. ఆమె ఒప్పుకొననిదే ఎవరును ఆమెను తాకరాదు. ఏమి చేయుదురో, ఎందులకు చేయుదురో, ఏది వద్దనవచ్చునో ఆమెకు తెలిసిన భాషలో చెప్పి, పిమ్మట సంతకమో వ్రేలిముద్రయో తీసికొనవలయును. పండ్రెండేండ్లు నిండినవారు స్వయముగా అంగీకారమీయవచ్చును; అంతకు చిన్నవారికి తల్లిదండ్రులో సంరక్షకులో ఇత్తురు. చికిత్సకు ఒప్పుకొని పరీక్ష వద్దనవచ్చును. పరీక్షలో ఒక భాగమునకు ఒప్పుకొని వేరొక భాగమును వద్దనవచ్చును. తన శరీరముపై తన యాజ్ఞ చెల్లని గడియను చూచివచ్చిన మనుష్యురాలికి, తన మాట చెల్లు మొదటిచోటు ఆ గది కావలయును. పోలీసులు ఆ గదిలో నుండరాదు.

అంగీకారము పిమ్మట వైద్యుడు ఆమె చెప్పినది ఆమె మాటలతోనే వ్రాసికొనును. శిరస్సునుండి పాదముల వరకు చూచి, గాయమెచ్చట, ఎంత పొడవు, ఏ రంగు అని కొలిచి వ్రాయును. నేలపై పరచిన కాగితముపై నిలుచుండి ఆమె వస్త్రములు విడిచినచో, రాలిన పోచయు ఇసుకయు ఆ కాగితముననే నిలుచును. గోళ్ల చివరలు, వెండ్రుకలు, దూదిపుల్లలపై తీసిన తడి, అవసరమైనచో రక్తము, మూత్రము, ఇవి వేరువేరుగ సేకరింపబడును. దేహమునందలి తడిజాడలు సుమారు 96 గంటలవరకే దొరకునని, ఆ గడువులోపల వచ్చినచో వానిని తీయవలయునని మార్గదర్శకములు చెప్పుచున్నవి. మత్తుమందు పెట్టిరను అనుమానమున్నచో మూత్రమును ఎంత శీఘ్రముగా తీసిన అంత మేలు.

ఈ కారణముననే పెద్దలొక మాట తెలిసికొనవలయును. జరిగినదానిని కడిగివేసికొనవలెనని ఆమెకు తోచుట సహజము. తల్లి నీళ్లు కాచి తలకుపోయుటయు ప్రేమచేతనే. కాని వీలైనచో ఆసుపత్రికి పోవువరకు స్నానము చేయక, నోరు పుక్కిలింపక, విడిచిన బట్టలను ఉదుకక, కాల్చక, అట్లే తీసికొనిపోవలయును. ఆ బట్టలను ప్లాస్టిక్ సంచిలో పెట్టరాదు. కాగితపు సంచిలోనో, వార్తాపత్రికలోనో చుట్టవలయును. వానకు తడిసిన పుస్తకమును ఆరబెట్టక పెట్టెలో మూసినచో ఏమగునో ఈ గ్రంథాలయ సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. తడి వస్త్రమును మూసినను అదే బూజు పట్టి, జాడ నశించును. స్నానము జరిగిపోయినది, బట్టలు ఉదికిరి, దినములు గడచినవి, ఇక పోయి లాభమేమని మాత్రము అనుకొనరాదు. గడువు మీరినను చికిత్స కలదు, గాయములు కలవు, ఆమె వాఙ్మూలము కలదు. కమిలిన గుర్తులు కొన్ని రెండు దినముల పిమ్మటనే బయటపడును. అందుకే మరల చూచుట కూడ పద్ధతిలోని భాగము.

సేకరించినది ఎంత విలువైనదైనను, చేతులు మారిన లెక్క లేకున్నచో న్యాయస్థానమున నిలువదు. భూమి వ్యవహారమెరిగిన రైతులకు ఇది సులభముగా బోధపడును. పొలము ఎవరినుండి ఎవరికి వచ్చినదో నడుమ ఒక్క దస్తావేజు లోపించినను హక్కు సందేహమున పడును గదా. అట్లే ప్రతి పొట్లమునకును అంకె, పేరు, తేది, గంట, తీసినవారి సంతకము, లక్కముద్ర ఉండవలయును. వైద్యుడు పోలీసునకు ఇచ్చినప్పుడు ఒక రసీదు, పోలీసు ప్రయోగశాలకు ఇచ్చినప్పుడు మరియొక రసీదు. పరీక్ష మొదలైన గంటయు ముగిసిన గంటయు వ్రాయవలయును. వైద్యుడు తాను తేల్చిన ప్రతి విషయమునకును కారణము చూపవలయును. సంహిత 184వ సెక్షను ప్రకారము, నేరవార్త అందిన 24 గంటలలోపల పోలీసులు ఆమెను, ఆమె అంగీకారముతో, వైద్యునికడకు పంపవలయును. వైద్యుడు ఏడు దినములలోపల నివేదిక నంపవలయును.

ఈ పద్ధతి ఒక్కనాట ఏర్పడినది కాదు. అమెరికాలో చికాగో నగరమున మార్తా గొడార్డ్ అను స్త్రీ, ఆసుపత్రులలో సాక్ష్యము చెల్లాచెదరగుట చూచి, కావలసిన పుల్లలు, కవరులు, చీటీలు, వ్రాయవలసిన పత్రములు ఒక్క పెట్టెలో నమర్చి ఇచ్చు ఏర్పాటుకై శ్రమించెను. 1978లో ఆ పెట్టెలు ఆ ప్రాంతపు ఆసుపత్రులలో వాడుకకు వచ్చినవి. నేడు ఈ దేశపు ఆసుపత్రులకు నిర్దేశింపబడిన సామగ్రియు అట్టిదే.

అదే 1978వ సంవత్సరమున ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానమున వెలువడిన తీర్పొకటి చెప్పదగియున్నది. 1972 మార్చిలో మహారాష్ట్రలోని నాటి చాందా మండలమున, దేశాయిగంజ్ పోలీసు ఠాణాలోనే, ఒక పేద ఆదివాసి బాలికపై ఇద్దరు పోలీసులు అత్యాచారము చేసిరని అభియోగము. మరునాడు పరీక్షించిన వైద్యుడు ఆమె దేహమున గాయములు కానరాలేదని వ్రాసెను. పూర్వమే పురుషస్పర్శ కలదని తన అభిప్రాయమును చేర్చెను. క్రింది న్యాయస్థానము నిందితులను విడిచిపెట్టెను. బొంబాయి ఉన్నతన్యాయస్థానము శిక్షించెను. సుప్రీంకోర్టు మరల విడిచిపెట్టెను. గాయములు లేవు గనుక ప్రతిఘటించినట్లు తోపదని ఆ తీర్పులోని వాదము. 1979లో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అను నలుగురు న్యాయశాస్త్ర ఆచార్యులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ వ్రాసిరి. లోబడుట వేరు, ఒప్పుకొనుట వేరు అనునది వారి వాదమునకు ప్రాణము. దేశమంతట స్త్రీలు కదలిరి; 1983లో చట్టము మారెను.

గాయము లేకున్న బలాత్కారము లేదనుట వైద్యశాస్త్ర విరుద్ధము. పులిని చూచిన లేడి పరుగెత్తుటయే గాక, ఒక్కొక్కప్పుడు కదలలేక నిలిచిపోవుటయు కలదు. భయమున అవయవములు స్తంభించుట మనుష్య దేహమునకును సహజము. కత్తి చూపినచో, బిడ్డను చంపెదనన్నచో, పెనుగులాట ఉండదు. పెనుగులాట లేనిచోట గాయము లేకపోవచ్చును. కావున వైద్యుడు తాను చూచినది వ్రాయవలెనే గాని, అత్యాచారము జరిగినదనియో జరుగలేదనియో తీర్పు చెప్పరాదు. అది న్యాయాధిపతి పని. కొలతగాడు పొలము కొలిచి గట్లు గుర్తించును. పొలము ఎవరిదో తేల్చువాడు వేరు.

పూర్వపురుషస్పర్శను గూర్చి వ్రాయుటకై రెండువ్రేళ్ల పరీక్ష అను అనాచారమొకటి చిరకాలము సాగినది. దానికి శాస్త్రాధారము లేదు. ఒక స్త్రీ వివాహితయా, అవివాహితయా, పూర్వచరిత్ర యేమి అనునవి ఆనాటి నేరమును గూర్చి ఏమియు చెప్పవు. 2013లో సుప్రీంకోర్టు ఆ పరీక్ష స్త్రీ గౌరవమునకు భంగకరమని చెప్పెను. 2014 మార్గదర్శకములు నిషేధించెను. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు, ఇకమీద ఎవరైన ఆ పరీక్ష చేసినచో దుష్ప్రవర్తనగా ఎంచవలయుననియు, వైద్యవిద్యార్థుల పాఠములనుండి దానిని తొలగింపవలయుననియు ఆదేశించెను. ఆసుపత్రికి తోడుపోవువారు ఈ సంగతి ఎరిగియుండుట మేలు. ఎవరైన పూనుకొన్నచో కూడదని చెప్పుటకు వారికి హక్కు కలదు.

సాక్ష్యమనగా నిందితుని ఉరిత్రాడని తలచి భయపడువారు కలరు. మా పిల్లవానిపై అబద్ధము చెప్పినచో గతియేమని అడుగువారును కలరు. వారికి ఇంగ్లండులోని కథయొకటి సమాధానము. లెస్టర్ నగర సమీపమున నార్బరో, ఎండర్బీ అను ఊళ్లలో 1983లో ఒకతెయు, 1986లో ఒకతెయు, పదునైదేండ్ల బాలికలు అత్యాచారమునకు గురియై చంపబడిరి. రెండవ హత్యను నేనే చేసితినని పదునేడేండ్ల యువకుడొకడు పోలీసులయెదుట ఒప్పుకొనెను. 1984లో లెస్టర్ విశ్వవిద్యాలయమున అలెక్ జెఫ్రీస్ కనుగొనిన డి.ఎన్.ఎ. ముద్రల పరీక్షను అప్పుడు ప్రయోగింపగా, రెండు నేరములును చేసినవాడు ఒక్కడే యనియు, వాడు ఒప్పుకొనిన యువకుడు కాడనియు తేలెను. ఆ పరీక్ష మొదట చేసిన పని నిరపరాధిని విడిపించుట. అసలు నేరస్థుడు 1987లో పట్టుబడి 1988 జనవరిలో శిక్షింపబడెను. ఈ దేశమునకు ఆ విద్యను తెచ్చినది హైదరాబాదు; అచ్చట సి.సి.ఎం.బి. యందు లాల్జీ సింగ్ డి.ఎన్.ఎ. ముద్రల పద్ధతిని స్వతంత్రముగా రూపొందించెను. నిజముగ నిరపరాధియైన కుమారుడు కల తండ్రికి, సాక్ష్యము చక్కగా సేకరింపబడుటకంటె మేలైన రక్ష లేదు. సాక్ష్యము నశించినచోటనే పుకారు రాజ్యమేలును.

పిల్లల విషయమున చట్టము ఇంకను కఠినము. పదునెనిమిదేండ్లు నిండని బాలునకైనను బాలికకైనను 2012 నాటి పోక్సో చట్టము వర్తించును. తెలిసినవారు తెలుపకుండుట శిక్షార్హమైన నేరము. ఫిర్యాదు నమోదు కాకున్నను వైద్యపరీక్ష జరుపవచ్చును. బాలికను స్త్రీ వైద్యురాలే పరీక్షింపవలయును. బిడ్డ నమ్మిన పెద్దలొకరు దగ్గర నుండవలయును. అత్యాచారమువలన గర్భము నిలిచినచో, 2021లో సవరింపబడిన చట్టము ప్రకారము 24 వారములవరకు, వైద్యుల అభిప్రాయముపై, గర్భస్రావము చేయించుకొనవచ్చును. అప్పుడును సాక్ష్యముగా కొంత భాగము భద్రపరుపబడును. సిగ్గుచే నెలలు దాచి, గడువు మీరినపిమ్మట పరుగులిడు కుటుంబముల దుఃఖము చెప్పనలవి కాదు.

దేహపు గాయము మానుటకు దినములు చాలును. మనసు గాయమునకు చాలవు. నిద్ర పట్టకపోవుట, చీకటికి బెదరుట, తనను తానే దూషించుకొనుట, బ్రతుకు వలదనుకొనుట, ఇవి చికిత్స కల బాధలు. ఎందుకు పోయితివి, ఎందుకు అరవలేదు, ఆ వేళకు అచ్చట నీకేమి పని అను ప్రశ్నలు మానవలయును. నీ తప్పు లేదు, చెప్పి మంచిపని చేసితివి, తోడుందుము అను మాటలు మొదటి మందు. వైద్యము, సలహా, న్యాయసహాయము, తాత్కాలిక నివాసము ఒక్కచోట దొరకుటకు 2015 ఏప్రిలు నుండి కేంద్ర ప్రభుత్వము సఖి కేంద్రములను నెలకొల్పుచున్నది. హైదరాబాదున 2016లో భరోసా కేంద్రము ఆరంభమైనది. అచ్చట ఒకే కథను పదిచోట్ల పదిసార్లు చెప్పవలసిన బాధ తగ్గును.

పెద్దమనుష్యులకు కడపటి మాట. రచ్చబండపై కూర్చుండి డబ్బు నిర్ణయించుట, నేరస్థునికే ఇచ్చి పెండ్లి చేయుట, ఊరి పరువని నోరు మూయించుట న్యాయము కాదు. అత్యాచారము రాజీపడదగిన నేరము కాదని చట్టము. పంచాయతీ జరిగిన మూడు దినములే మందు గడువు తీరిన 72 గంటలు. ఊరి పెద్ద చేయదగిన పని బండి కట్టించి, నమ్మిన స్త్రీనొకతెను తోడిచ్చి, ఆమెను ఆసుపత్రికి చేర్చుట; తిరిగివచ్చిన తరువాత ఆమె పేరు ఎవరినోటను పడకుండ చూచుట. అట్టివారి గుర్తు తెలియునట్లు అచ్చువేసినను, ప్రకటించినను రెండు సంవత్సరములవరకు కారాగారము కలదు. చేతిలోని ఫోనులో పంపుటయు ప్రకటించుటయే. ఊరి పరువు ఆమె దేహమున లేదు; ఊరు ఆమెయెడ నడచుకొను తీరున నున్నది.

ఈ రజతోత్సవమున గ్రంథాలయము చేయదగిన చిన్నపని యొకటి కలదు. చదువరులు పత్రికలు చూచు బల్లయెదుట గోడపై, చదువురాని తల్లికి ఎవరైన చదివి వినిపించుటకు వీలుగా, పెద్ద అక్షరములతో ఒక పలకను వ్రేలాడదీయవలయును. అందు స్త్రీల సహాయమునకు 181, పిల్లలకు 1098, అత్యవసరమునకు 112 అని వ్రాసి, దాని క్రింద సమీప ప్రభుత్వ ఆసుపత్రి పేరును, మూడు పంక్తులను వ్రాయవలయును: మొదట ఆసుపత్రి, 72 గంటలలోపల, బట్టలు ఉదుకక కాగితమున చుట్టి. ఆ పలకను చూచుటకు ఎవరికిని అవసరము రాకుండుగాక. వచ్చిననాడు మాత్రము, మా కన్నులకు కనబడలేదని విరాటునివలె ఈ ఊరు తప్పించుకొనకుండుగాక.

స్వస్తి.